శుభలేఖ తెచ్చింది పోస్టుమాన్, పిలిచింది పెళ్లివారు

ప్రశ్న: నమస్కారం సార్. నేను సోషియాలజీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. ఖమ్మం ప్రాంతంలో ఆడవాళ్ల చదువు నా పరిశోధనాంశం. వ్యాసాలు జేస్టోర్ అనే ఆన్‌లైన్ భాండాగారంలో, పాత థీసిస్‌లు యూనివర్సిటీల థీసిస్‌లు దాచే శోధగంగ సైటులో చదివాను. 1930ల నాటి పత్రికలు స్కాన్ కాపీల్లో చూశాను. లెక్కలు సెన్సస్, ప్రపంచ బ్యాంకు సైట్ల నుంచి తీసుకున్నాను. ఇవన్నీ రెఫరెన్సుల్లో పెడితే మా గైడ్ గారు ఎర్ర ఇంకుతో కొట్టేశారు. "ఇంటర్నెట్‌లో దొరికినవి థీసిస్‌కు పనికిరావు, పుస్తకాలు పెట్టు" అన్నారు. మా సీనియర్ అక్కేమో "లింకులు తీసేసి పుస్తకమే చూసినట్టు రాసెయ్, ఎవరూ అడగరు" అంటోంది. రెఫరెన్సులు ఎక్కువైతే ప్లేజియరిజం శాతం పెరుగుతుందని ఇంకో భయం. ప్రీ-సబ్మిషన్‌కు రెండు నెలలే ఉంది, బాగా టెన్షన్‌గా ఉంది. ఆన్‌లైన్ డేటాబేస్‌ను ఆధారంగా చూపించవచ్చా? చూపిస్తే ఎలా చూపించాలి? మా యూనివర్సిటీ రెఫరెన్సులకు ఏపీఏ అనే పద్ధతి అడుగుతోంది. నా రెఫరెన్సుల్లోంచి ఒక పేజీ, అధ్యాయాల ముసాయిదా జత చేస్తున్నాను.
— ఒక పరిశోధక విద్యార్థిని, హనుమకొండ

జవాబు:

అమ్మా, మీరు పంపిన పేజీ రెండుసార్లు చదివాను. మీ గైడ్ గారి ఎర్ర ఇంకు చూసి మీకు బాధ కలిగి ఉంటుంది కానీ, అందులో సగం కొట్టివేతలు నేనైనా చేసేవాణ్ణే. మూడో ఎంట్రీ చూడండి. "జేస్టోర్, 2023లో చూసినది" అని ఉంది. అంతే. రాసినవారి పేరు లేదు, వ్యాసం పేరు లేదు, పత్రిక పేరు లేదు. దాన్ని పట్టుకుని నేను ఎక్కడికి వెళ్లాలి? జేస్టోర్‌లో లక్షల వ్యాసాలున్నాయి.

పెళ్లి శుభలేఖ పోస్టుమాన్ తెచ్చి ఇస్తాడు. "ఎవరు పిలిచారు?" అని ఇంట్లో అడిగితే పోస్టుమాన్ పేరు చెప్పం కదా. జేస్టోర్, శోధగంగ, పాత పుస్తకాల స్కాన్లు దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్ చాలామటుకు పోస్టుమాన్లే. మీరు ఆధారంగా చూపాల్సింది వ్యాసాన్ని, థీసిస్‌ను, పత్రిక సంచికను. అవి ఏ దారిన మీ చేతికి వచ్చాయన్నది ఆ తర్వాతి సంగతి. ఆ దారి కొన్నిసార్లు చెప్పాలి, కొన్నిసార్లు అక్కర్లేదు. ఒక్కోసారి మాత్రం డేటాబేసే పెళ్లివారు అవుతుంది. అంటే ఆ లెక్కను తయారుచేసిందీ అచ్చువేసిందీ అదే. అప్పుడు దాని పేరు ముందుండాలి. మీ పేజీలోని ఎంట్రీల్లో ఏది ఏ రకమో తేల్చుకోవడమే ఈ రెండు నెలల్లో మీ పని.

సులువైనదాంతో మొదలుపెడదాం. మీరు చదివిన వ్యాసాల్లో ఎక్కువ భాగం ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ (ఈపీడబ్ల్యూ)లోవి. ఆ పత్రిక పాత సంచికలు జేస్టోర్‌లో ఉన్నాయి. మీ యూనివర్సిటీ ఏపీఏ పద్ధతి అడుగుతోందన్నారు. ఏపీఏ ఏడో ఎడిషన్ ప్రకారం ఇలాంటి వ్యాసానికి జేస్టోర్ పేరు రాయనే అక్కర్లేదు. రచయిత, సంవత్సరం, వ్యాసం పేరు, పత్రిక, సంపుటి, సంచిక, పేజీలు, డీఓఐ ఉంటే డీఓఐ. అదే ఎమ్‌ఎల్‌ఏ అనే ఇంకో పద్ధతిలో అయితే పత్రిక తర్వాత జేస్టోర్ పేరు కూడా వస్తుంది, వాళ్లు దాన్ని రెండో కంటైనర్ (వ్యాసాన్ని పెట్టుకున్న రెండో పెట్టె) అంటారు. రెండూ సరైనవే, రెండింటినీ కలిపి వండడమే తప్పు. మీ పేజీలో నాలుగు ఎంట్రీలు ఏపీఏలో, మూడు ఎమ్‌ఎల్‌ఏలో ఉన్నాయి. మిగతావి ఎవరి పద్ధతో ఆ సరస్వతీదేవికే తెలియాలి.

డీఓఐ అంటే వ్యాసానికి ఇచ్చే శాశ్వత సంఖ్య. 10తో మొదలై, ఒక చుక్క, కొన్ని అంకెలు, గీత, ఆ తర్వాత మరికొన్ని అక్షరాలు, అంకెలు ఉంటాయి. పత్రిక వెబ్‌సైటు చిరునామా మారినా ఆ సంఖ్య మారదు. పబ్లిషర్ కొత్త చిరునామాను రిజిస్టర్ చేయిస్తాడు, పాత సంఖ్య కొత్త ఇంటికి తీసుకెళ్తుంది. అది లేని చోట జేస్టోర్ తనే ఇచ్చే "స్టేబుల్" లింకు వాడండి. మీ బ్రౌజర్ పైన కనిపించే పొడుగాటి లింకును మాత్రం కాపీ చేయకండి. మీ ఐదు, ఆరు ఎంట్రీల్లో ఉన్నవి అవే. అందులో మీ లైబ్రరీ రిమోట్ లాగిన్ చిరునామా కూడా కలిసిపోయింది. పరీక్షకుడు మధురైలో కూర్చుని దాన్ని నొక్కితే మీ యూనివర్సిటీ పాస్‌వర్డ్ అడుగుతుంది. బహుశా మీ గైడ్ గారికి కూడా ఇంటి నుంచి నొక్కినప్పుడు జరిగింది అదే. మనిషికి కోపం రాదూ?

లింకు మీద మాత్రమే ఆధారపడితే ఏమవుతుందో నా సొంత తప్పుతో చెప్తాను. ముప్పై ఏళ్లు యూనివర్సిటీ లైబ్రరీలో పనిచేసినవాణ్ణి, అయినా చేశాను. చాలా ఏళ్ల కిందట ఒక వ్యాసంలో పాత దినపత్రిక వార్త ఒకటి ఉటంకించాను. ఒక ఆన్‌లైన్ భాండాగారంలో స్కాన్ చూసి, ఫుట్‌నోట్‌లో లింకు ఒక్కటే పెట్టాను. తేదీ రాయలేదు. పేజీ రాయలేదు. లింకు ఉందిగా అనుకున్నాను. మూడేళ్లకు ఆ సైటు రూపం మారింది, లింకు చచ్చిపోయింది. వ్యాసాన్ని పుస్తకంలో వేద్దామని అడిగిన సంపాదకుడు "ఈ వార్త ఏ రోజుది?" అన్నాడు. నాకు గుర్తులేదు. చివరికి వేటపాలెం బండెక్కి సారస్వత నికేతనంలో రెండు రోజులు పాత కట్టలు తిరగేస్తే దొరికింది. 1918 నాటి గ్రంథాలయం అది, పాత పత్రికలు దాచినవాళ్లకు దణ్ణం పెట్టుకున్నాను. ఫుట్‌నోట్‌లో తేదీ, పేజీ అని రెండు ముక్కలు రాసుకుని ఉంటే ఆ ప్రయాణమే ఉండేది కాదు. (వేటపాలెం జీడిపప్పు తెచ్చుకున్నాననుకోండి, అది వేరే లెక్క.)

ఇది నా ఒక్కడి బాధ కాదు. 2014లో హార్వర్డ్ లా స్కూల్‌కు చెందిన పరిశోధకులు న్యాయశాస్త్ర పత్రికల్లోని లింకులను పరీక్షిస్తే, హార్వర్డ్ లా రివ్యూ వంటి వాటిలో 70 శాతానికి పైగా లింకులు మొదట ఉదహరించిన సమాచారానికి చేర్చలేదు. అమెరికా సుప్రీంకోర్టు తీర్పుల్లోని లింకుల్లోనూ సగం అంతే. కాబట్టి లింకు చచ్చిపోయినా మిగతా వివరాలతో వస్తువును పట్టుకోగలిగేలా ఎంట్రీ రాయాలి. మీ గైడ్ గారు లింకులను నమ్మకపోవడంలో ఈ అనుభవం ఉండి ఉంటుంది. ఆయన చేసిన పొరపాటల్లా లింకుతో పాటు సరుకునూ బయట పారేయమనడం.

ఇక స్కాన్ల సంగతి. మీ థీసిస్‌లో అసలు విలువైనవి ఇవే, కాస్త నిదానంగా చూద్దాం.

మీరు గృహలక్ష్మి పత్రిక పాత సంచికలు చూశారు. 1928లో డాక్టర్ కె.ఎన్. కేసరి మద్రాసులో మొదలుపెట్టిన పత్రిక. మీ ఎంట్రీలో "గృహలక్ష్మి, ఇంటర్నెట్" అని ఉంది. సంపుటి, సంచిక, నెల, సంవత్సరం, పేజీ, వ్యాసం రాసినవారి పేరు కావాలి. ఇక్కడ మన పత్రికలతో వచ్చే ఒక చిక్కు చెప్తాను. ఆ కాలపు పత్రికలు చాలావాటి మీద తెలుగు సంవత్సరం పేరు ఉంటుంది. "విభవ సంవత్సరం, మాఘమాసం" అని ఉంటే విభవ 1928లో మొదలైంది కదా అని 1928 వేసేస్తారు. విభవ ఉగాది 1928లో వచ్చినా మాఘం నాటికి ఇంగ్లిష్ లెక్కలో 1929 వచ్చేసింది. పైగా అరవై ఏళ్లకొకసారి విభవ తిరిగి వస్తుంది, 1988లోనూ విభవే. కాబట్టి తెలుగు సంవత్సరం, మాసం ఉన్నది ఉన్నట్టు రాసి, పక్కన ఇంగ్లిష్ నెల, సంవత్సరం పెట్టండి.

పేజీ నంబరు ఇంకో గుంట. స్కాన్ చూపించే తెర మీద "57" అని కనిపిస్తుంది. అది బొమ్మల వరుస సంఖ్య. అట్ట, ప్రకటనలు, విషయసూచిక అన్నీ కలిపి లెక్కపెట్టింది. కాగితం మీద అచ్చయిన సంఖ్య 43 కావచ్చు. అచ్చులో ఉన్నదే రాయాలి. మీ ఎంట్రీల్లో ఒక 64 పేజీల పుస్తకానికి 71వ పేజీ చూపించారు, ఎలా వచ్చిందో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

పాత తెలుగు పుస్తకాల స్కాన్లు ఎక్కువగా డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకంలో చేసినవి, ఇప్పుడవి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతున్నాయి. ఆ ఫైళ్ల గుర్తింపు పేరులో డీఎల్ఐ, 2015 అని ఉండి చివర ఒక అంకె ఉంటుంది. ఆ గుర్తింపు పేరు రాసుకోండి, లింకు కంటే అది నయం. కానీ పక్కన ఇచ్చిన వివరాలను మాత్రం నమ్మకండి. తెలుగు రాని చేతులు ఇంగ్లిష్ అక్షరాల్లో టైపు చేసినవి చాలా ఉన్నాయి. పుస్తకం పేరు ఒకటైతే అక్కడ ఇంకొకటి ఉంటుంది, రచయిత చోట ముద్రాపకుడు ఉంటాడు, మొదటి ముద్రణ సంవత్సరం చోట నాలుగో ముద్రణ సంవత్సరం ఉంటుంది. స్కాన్‌లో ముఖపత్రం తెరిచి చూసి మీ చేత్తో మీరు రాసుకోండి. జొటేరో లాంటి సాఫ్ట్‌వేర్ ఒక్క నొక్కుతో ఎంట్రీ తయారుచేసి ఇస్తుంది నిజమే, సైటులో ఉన్న తప్పును కూడా అంతే శ్రద్ధగా దించుకుంటుంది. మన పేర్లతో దానికి మరీ కష్టం. ఇంటిపేరు ముందుండే మన అలవాటు తెలియక చివరి మాటనే ఇంటిపేరు అనుకుంటుంది. అందుకే మీ జాబితాలో "రావు" కింద ముగ్గురు, "రెడ్డి" కింద ఇద్దరు చేరారు. వాళ్లకు ఒకరికొకరికి చుట్టరికం లేదు.

మీ సీనియర్ అక్క సలహా ఇక్కడే ప్రమాదం తెస్తుంది. స్కాన్ చూసి పుస్తకం చూసినట్టు రాస్తే ఏమవుతుంది? చాలాసార్లు ఏమీ కాదు, ఎందుకంటే స్కాన్ ఆ పుస్తకానికి ఫొటోనే. కానీ ఆ స్కాన్‌లో రెండు పేజీలు తప్పిపోయి ఉండొచ్చు, లేదా మీరు చూపించిన ముద్రణ కాకుండా వేరేది కావొచ్చు. వైవాలో ఎవరైనా "ఈ పుస్తకం ఏ లైబ్రరీలో చూశావమ్మా?" అంటే మీ దగ్గర జవాబుండదు. "ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోని స్కాన్" అని చివర మూడు మాటలు కలిపితే పోయేదేముంది?

నిఘంటువు ఎంట్రీ గురించి. "విద్య" మాటకు అర్థం చూపించడానికి "బ్రౌన్, 1903" అని రాశారు. షికాగో విశ్వవిద్యాలయం వాళ్ల ఆన్‌లైన్ నిఘంటువులో చూసి ఉంటారు, అందులో ఉన్నది 1903 ముద్రణే. కానీ సి.పి. బ్రౌన్ 1884లోనే పోయాడు. ఆయన తెలుగు-ఇంగ్లిష్ నిఘంటువు మొదట వచ్చింది 1852లో. 1903 నాటిది వెంకటరత్నం, క్యాంప్‌బెల్, కందుకూరి వీరేశలింగం సవరించి పెంచిన కూర్పు. అంటే మీరు చూపించిన అర్థం బ్రౌన్ రాసిందో, తర్వాత చేరిందో ఆ ఎంట్రీతో తెలియదు. ఆడవాళ్ల చదువు మీద థీసిస్‌లో, ఆ సవరించినవాళ్లలో వీరేశలింగం గారు ఉన్నారన్నది ఫుట్‌నోట్‌లో మరుగుపడాల్సిన సంగతి కాదు, ఒకసారి 1852 ముద్రణతో పోల్చి చూడండి. ఆంధ్రభారతి నిఘంటు శోధన వాడినా ఇంతే. అక్కడ ఒక మాట కొడితే అనేక నిఘంటువుల నుంచి ఫలితాలు వస్తాయి. శబ్దరత్నాకరం చెప్పిందో, సూర్యరాయాంధ్ర నిఘంటువు చెప్పిందో రాయాలి. "ఆంధ్రభారతి ప్రకారం" అంటే మళ్లీ పోస్టుమాన్ దగ్గరికే వచ్చాం.

ఇప్పుడు మీ పట్టిక 3.2. లెక్కల దగ్గర డేటాబేసు పెళ్లివారే అవుతుంది, అందుకే ఇక్కడ ఎక్కువ జాగ్రత్త కావాలి. ఖమ్మం జిల్లా జనాభా కింద ఒక చోట 27,97,370 అని, మరో చోట సుమారు 14 లక్షలని వేశారు. రెండింటికీ ఆధారం "సెన్సస్ 2011" అనే ఉంది. మీ గైడ్ గారు రెండింటి చుట్టూ సున్నా చుట్టి ప్రశ్నార్థకం పెట్టారు. నిజానికి రెండూ సరైనవే. మొదటిది 2011లో లెక్కపెట్టిననాటి ఉమ్మడి ఖమ్మం జిల్లా. 2014లో ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. 2016 అక్టోబరులో భద్రాద్రి కొత్తగూడెం విడిపోయింది, గార్ల, బయ్యారం మహబూబాబాద్‌లో కలిశాయి, వెంకటాపురం, వాజేడు అప్పటి జయశంకర్ జిల్లాలోకి పోయాయి. ఆ తర్వాత రాష్ట్ర ప్రభుత్వం పాత గ్రామాల లెక్కలనే కొత్త సరిహద్దుల ప్రకారం తిరిగి కూడింది. అదే రెండోది. తెలంగాణ మొత్తానికీ ఇదే గొడవ. కొన్ని చోట్ల 3,51,93,978 అని, కొన్ని చోట్ల 3,50,03,674 అని కనిపిస్తుంది. మధ్యలో పోయిన రెండు లక్షల మందికి కాస్త తక్కువ ఎక్కడికీ పోలేదు, వాళ్ల మండలాల సరిహద్దు మారింది.

కాబట్టి "సెన్సస్ 2011" అని రాస్తే సరిపోదు. ఏ పట్టిక, ఎవరు ప్రచురించింది, ఏ సరిహద్దుల ప్రకారం, మీరు ఏ తేదీన దించుకున్నారు అన్నవి పట్టిక కిందే చిన్న అక్షరాల్లో రాయండి. ప్రైమరీ సెన్సస్ అబ్‌స్ట్రాక్ట్ నుంచి తీసుకుంటే ఆ పేరు, జిల్లా సెన్సస్ హ్యాండ్‌బుక్ నుంచి అయితే అది. సెన్సస్ సైటు రూపం మారాక పాత లింకులు చాలా తెగిపోయాయి, పట్టిక పేరు రాసుకున్నవాళ్లు మాత్రం ఇప్పటికీ వెతుక్కోగలుగుతున్నారు.

అక్షరాస్యత దగ్గర ఇంకా తిరకాసు ఉంది. దేశం మొత్తం మీద ఆడవాళ్ల అక్షరాస్యత ఒక పేజీలో 65.46 శాతం, మరో పేజీలో 64.6 శాతం వేశారు. మొదటిది 2011 మార్చి చివర విడుదలైన తాత్కాలిక లెక్క, రెండోది తర్వాత వచ్చిన తుది లెక్క. తుది లెక్క ఉండగా తాత్కాలికం వాడకూడదు, వాడితే అది తాత్కాలికమని చెప్పాలి. దానికి పక్కనే ప్రపంచ బ్యాంకు అంకె పెట్టి "తేడా గమనార్హం" అన్నారు. ఆ తేడాలో గమనించాల్సింది వేరే ఉంది. సెన్సస్ ఏడేళ్లు, ఆపై వయసు వాళ్లను లెక్కపెడుతుంది, ప్రపంచ బ్యాంకు వయోజన అక్షరాస్యత అంటే 15 ఏళ్లు, ఆపైన. పైగా ఆ అంకె ప్రపంచ బ్యాంకు సొంతంగా లెక్కపెట్టింది కాదు. యునెస్కో గణాంక సంస్థ నుంచి తెచ్చుకుంటుంది, యునెస్కో ఆయా దేశాల సెన్సస్‌ల నుంచి, సర్వేల నుంచి తెచ్చుకుంటుంది. మీరు పెళ్లివారనుకున్న చోట మళ్లీ పోస్టుమాన్ బయటపడ్డాడు. అక్కడ ప్రతి సూచిక కింద "సోర్స్" అని చిన్న అక్షరాల్లో ఉంటుంది, అది చదవకుండా ఒక్క అంకె కూడా దించకండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేది ఇంకో కొలత. అది 15 నుంచి 49 ఏళ్ల వాళ్లది, తక్కువ చదివిన వాళ్ల చేతికి కార్డు ఇచ్చి వాక్యం చదివించి చూస్తారు. సెన్సస్‌లో ఇంట్లోవాళ్లు చెప్పిందే రాసుకుంటారు. మూడు కొలతలనూ ఒకే పట్టికలో పక్కపక్కన పెట్టి గ్రాఫు గీస్తే వైవాలో దొరికిపోతారు.

ఇలాంటి డేటాబేసులు తరచూ అంకెలు సవరించుకుంటాయి. అందుకే మారే వాటికి చూసిన తేదీ రాయమని ఏపీఏ అంటుంది, మారని వ్యాసాలకు అక్కర్లేదంటుంది. మీ పేజీలో వ్యాసాలన్నిటికీ తేదీ ఉంది, లెక్కల పట్టికలకు మాత్రం లేదు. సరిగ్గా తిరగేశారు. తేదీతో పాటు దించుకున్న ఫైలును కూడా దాచండి. ఫైలు పేరులో తేదీ పెట్టి, పెన్ డ్రైవ్‌లో ఒకటి, మెయిల్‌లో ఒకటి. అనుబంధంలో ఆ పట్టికను యథాతథంగా చేర్చగలిగితే మరీ మంచిది. సైటు ఎప్పుడు మూతపడుతుందో ఎవరికి తెలుసు? కుటుంబ ఆరోగ్య సర్వే మూల డేటాను ప్రపంచమంతా పంచిపెడుతున్న డీహెచ్‌ఎస్ కార్యక్రమం 2025 ఫిబ్రవరిలో అమెరికా నిధులు ఆగడంతో ఉన్నట్టుండి నిలిచిపోయింది. అప్పటికే దించుకున్నవాళ్ల పని సాగింది, రేపు చూద్దాంలే అనుకున్నవాళ్లు ఇబ్బంది పడ్డారు.

మామూలు వెబ్ పేజీ అయితే ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ల వేబ్యాక్ మెషీన్‌లో ఆ పేజీని అప్పటికప్పుడు భద్రపరిచి, ఆ లింకు ఇవ్వండి. ఒక్క నిమిషం పని.

డేటాబేస్ అనే మాటకే లొంగిపోకూడదనడానికి ఒక ఉదాహరణ చెప్పి ముందుకు పోతాను. 2020 మే 22న లాన్సెట్ పత్రికలో కోవిడ్ రోగులకు ఇచ్చిన హైడ్రాక్సీక్లోరోక్విన్ మీద పెద్ద వ్యాసం వచ్చింది. 671 ఆసుపత్రులు, 96,032 మంది రోగులు, అంతా సర్జిస్ఫియర్ అనే కంపెనీ డేటాబేస్ నుంచి అన్నారు. మూల డేటా చూపించమని అడిగితే ఆ కంపెనీ ఇవ్వలేదు. రెండు వారాలు తిరగకముందే, జూన్ 4న, వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నారు. ఎవరూ వెళ్లి చూడలేని డేటాబేస్‌ను ఎంత పద్ధతిగా ఉదహరించినా అది ఆధారం కాదు.

శోధగంగ థీసిస్‌లకు మాత్రం డేటాబేస్ పేరు రాయాలి. ఏపీఏ లెక్కలో ఆ థీసిస్‌ను ప్రచురించిన చోటు అదే. రచయిత, సంవత్సరం, థీసిస్ పేరు, బ్రాకెట్లో పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం, యూనివర్సిటీ పేరు, ఆ తర్వాత శోధగంగ, లింకు. ప్రతి థీసిస్‌కు అక్కడ 10603తో మొదలయ్యే హ్యాండిల్ సంఖ్య ఉంటుంది, ఆ లింకే ఇవ్వండి. అధ్యాయం పీడీఎఫ్ లింకు కాదు.

శోధగంగ విషయంలో నాకు అనుమానంగా ఉన్నది మరొకటి. మీ ఎనిమిది నుంచి పదకొండు దాకా ఎంట్రీలు 1910ల నాటి పత్రికల వ్యాసాలు. నాలుగూ ఒకే వరుసలో, ఒకే అచ్చుతప్పుతో ఉన్నాయి. ఎవరి థీసిస్‌లోంచో ఫుట్‌నోట్లు ఎత్తుకొచ్చారు కదూ? కోప్పడటం లేదు, అందరూ చేసేదే. కానీ ఆయన తప్పు చదివి ఉంటే ఆ తప్పు ఇప్పుడు మీది. మూలం చూడగలిగితే చూడండి. చూడలేకపోతే "ఫలానా వ్యాసం, ఫలానా వారి థీసిస్‌లో ఉటంకించిన ప్రకారం" అని రాసి, జాబితాలో మీరు చదివిన ఆ థీసిస్‌నే పెట్టండి. దానివల్ల మీ గౌరవం తగ్గదు.

ప్లేజియరిజం శాతం భయం వదిలేయండి. యూజీసీ 2018 నిబంధనల్లోనే ఉంది, పోలికలు లెక్కించేటప్పుడు రెఫరెన్సులు, గ్రంథసూచి, విషయసూచిక, ముందుమాట, కృతజ్ఞతలు, సక్రమంగా ఆధారం చూపిన ఉటంకింపులు మినహాయించాలని. సాఫ్ట్‌వేర్‌లో ఆ మినహాయింపు పెట్టే రిపోర్టు తీశారా అని మీ లైబ్రరీలో అడగండి. ఆధారాలు ఎక్కువ చూపించి ఎవరూ ఇరుక్కోలేదు.

రెండో అధ్యాయంలో ఒక వాక్యం రాశారు: "జేస్టోర్, స్కోపస్‌లలో వెతికినా ఈ అంశంపై 1950కి ముందు ఎవరూ రాయలేదు." ఈ వాక్యం తీసేయండి. స్కోపస్ కూడా వ్యాసాల వివరాలు వెతికే డేటాబేసే. ఆ రెండింటిలో లేదంటే అవి చేర్చుకున్న, ఎక్కువగా ఇంగ్లిష్, పత్రికల్లో లేదని మాత్రమే. మీరే గృహలక్ష్మి నుంచి అరడజను వ్యాసాలు చూపించి, పై పేజీలో ఎవరూ రాయలేదంటే ఎలా? ఏ డేటాబేసుల్లో, ఏ మాటలతో, ఏ తేదీన వెతికారో పరిశోధనా పద్ధతి అధ్యాయంలో రాయండి. డేటాబేసులను వాటి సొంత పేర్లతో చెప్పుకోవాల్సిన సరైన చోటు అది. అక్కడ చెప్పాక గ్రంథసూచిలో "స్కోపస్" అని విడిగా ఎంట్రీ అక్కర్లేదు.

మీ గైడ్ గారితో ఎలా మాట్లాడాలి? వాదనకు దిగవద్దు. ఒక పది ఎంట్రీలు నేను చెప్పినట్టు తిరగరాసి, రచయిత, పత్రిక, సంపుటి, పేజీ ముందు, లింకు చిట్టచివర వచ్చేలా ప్రింటు తీసి తీసుకెళ్లండి. కొత్తగా చేర్చినవేమీ లేవు సార్, అవే వ్యాసాలు, పూర్తి వివరాలతో రాశాను అనండి. కాగితం మీద ఈపీడబ్ల్యూ, సంపుటి, పేజీ కనిపించగానే ఆయనకు అది ఇంటర్నెట్‌లా అనిపించదు. అప్పటికీ లింకులు వద్దంటే వ్యాసాల లింకులు తీసేయండి, సంపుటి, పేజీ ఉన్నాయి కాబట్టి నష్టం లేదు. లెక్కల పట్టికల లింకులు, తేదీలు మాత్రం తీయకండి. ఆ ఒక్కదాని మీద గట్టిగా నిలబడండి, కావాలంటే ఖమ్మం జనాభా కథ చెప్పండి.

చివరగా పదిహేడో ఎంట్రీ. దాని ఎదురుగా "గూగుల్ స్కాలర్" అని ఒక్క మాటే ఉంది. దానికి సంబంధించిన వాక్యం నాలుగో అధ్యాయంలో చాలా బాగుంది, అందుకే అడుగుతున్నాను: అది ఎవరిది? మీ బ్రౌజర్ హిస్టరీ, డౌన్‌లోడ్స్ ఫోల్డరు, వాట్సాప్‌లో మీకు మీరే పంపుకున్న లింకులు అన్నీ వెతకండి. దొరికేదాకా ఆ వాక్యం అధ్యాయంలో ఉంచకండి.